చుక్క కారితే ఎవరికి చెప్పాలి?

మే నెలలో మా బనగానపల్లెలో రెండే మాటలు నడుస్తాయి. కాయ రేటెంత? కరెంటు ఎప్పుడొస్తుంది? పోయిన ఎండాకాలం మా ఇంట్లో మూడోది చేరింది. అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మా చిన్నాయన కొడుకు వాట్సాప్‌లో పంపిన ఒక వీడియో లింకు.

తెరిస్తే లోతైన నీళ్ల తొట్టి. అడుగున నీలం వెలుగు. పెళ్లిపందిట్లో లైటింగ్ లాంటిది కాదు, నీళ్లే వెలుగుతున్నట్టు ఉంది. కింద వాడి మెసేజ్: "అన్నా, మా క్యాంపస్‌లో ఉండే న్యూక్లియర్ రియాక్టర్. మా క్లాసుల నుంచి నడిచిపోవచ్చు."

జేజి ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి ఒకటే మాట అంది. "వాన్ని ఇంటికి రమ్మను. పిడుగును పక్కన పెట్టుకుంటే సదువు యాడ ఒంటబడతాది?"

నవ్వేశాను కానీ రాత్రి నిద్ర రాలేదు. పిల్లలు చదువుకునే చోట రియాక్టర్ ఏంది? దానికి కాపలా ఎవరు? ఏమన్నా అయితే ఎవరు ఎవరికి చెప్తారు? మేడ మీద పడుకుని వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతూ వెతుకుతూ ఎక్కడికో పోయి, చివరికి మా అక్క ఇంటి బోరు దగ్గర తేలాను. ఆ కథే ఇది.

వాడు చదివేది రాలీలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ. ప్రపంచంలో ఒక యూనివర్సిటీ సొంతంగా రియాక్టర్ నడపడం మొదలైంది ఆ క్యాంపస్‌లోనే, 1953లో. ఇప్పుడున్నది 1972 నాటిది, పేరు పల్‌స్టార్. నేను చదివిన 2011 నాటి సంగతికి దాని సామర్థ్యం 1 మెగావాట్. మన ముద్దనూరు ఆర్టీపీపీలో ఒక్క పాత యూనిట్టే 210 మెగావాట్లు, పోల్చుకోండి. పైగా ఇది కరెంటు కోసం కాదు. దీన్నుంచి వచ్చే న్యూట్రాన్లతో లోహాలను, మట్టిని, రకరకాల నమూనాలను పరీక్షిస్తారు. పిల్లలకు రియాక్టర్ నడపడం నేర్పిస్తారు. ఇంధనం పెద్ద నీళ్ల తొట్టి అడుగున ఉంటుంది. ఆ నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి, పైనున్న మనుషులకు రేడియేషన్ తగలకుండా అడ్డంగా నిలుస్తాయి. నీళ్లు ఉన్నంతవరకే ఆ ధైర్యం.

2011 జులైలో ఆ నీళ్లు కొంచెం తగ్గాయి. ఫుకుషిమా జరిగి నాలుగు నెలలే అయింది, లోకమంతా రియాక్టర్ అన్న మాటకే ఉలిక్కిపడుతున్న రోజులు. తొట్టికి సూదిబెజ్జమంత చిల్లి పడిందని తేలింది. గంటకు సుమారు 10 గ్యాలన్లు, అంటే దాదాపు 38 లీటర్లు పోతున్నాయి. మన ఇంట్లో రెండు బకెట్లు. చట్టప్రకారం చెప్పి తీరాల్సిన హద్దుకు అది చాలా తక్కువ. అయినా రియాక్టర్ ఆపేశారు, అధికారులకు చెప్పారు, ఊరికీ చెప్పారు. పేపర్లలో వచ్చింది.

నన్ను పట్టేసింది రెండు బకెట్లు కాదు. రెండు బకెట్లు పోయాయని ఎట్లా తెలిసింది అన్నది.

తొట్టిలో నీళ్లు ఎట్లాగూ ఆవిరవుతాయి. రోజూ కొంచెం కొత్త నీళ్లు పోస్తూ ఉండాల్సిందే. ఆవిరయింది ఎంత, కారింది ఎంత అని విడదీయాలంటే ఒక్కటే దారి. ఏమీ కానప్పుడు కూడా రోజూ రాసి పెట్టుకోవాలి. మన సీమ పల్లెల్లో చెరువుకు నీరుగట్టి ఉండేవాడు. తూము రాయి మీద గీత చూసి, ఇన్ని వేళ్లు ఎండ తాగింది, ఇన్ని వేళ్లు కట్ట తాగిందని చెప్పేవాడట. కట్ట తాగుతోందంటే ఊరంతా గంపలెత్తుకుని పోయేవాళ్లు. రోజూ గీత చూసే మనిషి లేకపోతే, చెరువు ఎండినాక "ఎండలు మండినాయిలే" అనుకుని ఊరుకుంటారు. అంతే తేడా.

అమెరికాలో ఆ నీరుగట్టి పని ఎట్లా పెట్టుకున్నారంటే, రియాక్టర్ బటన్ నొక్కే ప్రతి ఆపరేటర్‌కూ ఎన్‌ఆర్‌సీ అనే కేంద్ర సంస్థ పరీక్ష పెట్టి విడిగా లైసెన్సు ఇస్తుంది. యూనివర్సిటీ లోపల ఒక భద్రతా కమిటీ. నీళ్ల మట్టం, ఉష్ణోగ్రత, రేడియేషన్ ఏ హద్దు దాటకూడదో లైసెన్సుతో పాటే రాసి ఉంటుంది. ఇలాంటి రియాక్టర్లలో ఆ హద్దు దాటితే మరుసటి పని దినం లోపల ఫోన్, 14 రోజుల్లో కాగితం మీద రిపోర్టు. ఏమీ జరగకపోయినా ఏడాదికోసారి రిపోర్టు. ఎన్‌ఆర్‌సీ ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూసి రాసింది కూడా చాలావరకు నెట్‌లో పెడతారు. దీనికి పాస్‌వర్డ్ లేదు, ఫీజు లేదు. బనగానపల్లెలో మేడ మీద పడుకున్న నేను చదివాను కదా.

చదివితే నిద్రొస్తుంది, ఆ మాటా చెప్పాలి. మీటర్లు సరిచూశారా, కమిటీ చెప్పిన గడువులో కూర్చుందా, ఎమర్జెన్సీ డ్రిల్ చేశారా, ఇదే గోల. నాకైతే ఆ విసుగే ముచ్చటేసింది.

అట్లాగని అక్కడ అంతా బంగారమని కాదు. యూనివర్సిటీది కాదు గానీ, మేరీల్యాండ్‌లో ప్రభుత్వ సంస్థ నిస్ట్‌కు ఇలాంటి పరిశోధన రియాక్టరే ఒకటి ఉంది. 2021 ఫిబ్రవరి 3న ఒక ఇంధన కడ్డీల కట్ట సరిగా బిగుసుకోకపోవడంతో లోపల వేడెక్కి కొంత కరిగింది. బిగుసుకుందో లేదో చూసే పద్ధతులు కాగితం మీద ఉన్నాయి, చూడాల్సినట్టు చూడలేదని విచారణలో తేలింది. మళ్లీ నడిపేసరికి 2023 వచ్చింది. రిజిస్టర్‌లో టిక్కు పెట్టడం వేరు, చూసి పెట్టడం వేరు. హాస్టల్ అటెండెన్స్ తెలిసిన ఎవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి మన దగ్గర? మన దేశంలో ఏ యూనివర్సిటీకీ సొంత రియాక్టర్ లేదు. పరిశోధన రియాక్టర్లన్నీ ట్రాంబేలో, కల్పాక్కంలో అణుశక్తి శాఖ చేతిలోనే ఉంటాయి. మొదటిది అప్సర, 1956 ఆగస్టులో మొదలైంది. కాబట్టి మన కాలేజీల్లో ఈ భయం లేదని అనుకోబోయాను. అప్పుడే ఢిల్లీ కథ గుర్తొచ్చింది.

ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం 1960ల చివర్లో కెనడా నుంచి ఒక గామా యంత్రం కొంది. లోపల కోబాల్ట్-60. 1985 తర్వాత దాన్ని ఎవరూ వాడలేదు. గదిలో పడి ఉంది. వాడినవాళ్లు రిటైరయ్యారు, కొత్తవాళ్లకు అది ఒక ఇనుప పెట్టె. 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో పాటు వేలం వేసేశారు. మాయాపురి తుక్కు మార్కెట్‌లో కూలీలు దాన్ని విప్పారు. సీసపు కవచం పోయింది, లోపలి కడ్డీలు బయటపడ్డాయి. ఒకాయన ఒక ముక్కను పర్సులో పెట్టుకు తిరిగాడు. ఏప్రిల్‌లో ఆసుపత్రి నుంచి కబురు వస్తే గానీ మన అణు నియంత్రణ బోర్డు ఏఈఆర్‌బీకి తెలియలేదు. ఒకరు చనిపోయారు, ఇంకో ఏడుగురు జబ్బుపడ్డారు. అంతర్జాతీయ కొలమానంలో దాన్ని 4వ స్థాయి ప్రమాదంగా లెక్కగట్టారు.

అక్కడ యంత్రం పేలలేదు, పాడవలేదు. 'ఇది మా దగ్గర ఉంది, ఇంకా బతికే ఉంది' అని ఏటా రాసే పుస్తకం తెగిపోయింది. కోబాల్ట్-60 బలం సగానికి తగ్గడానికి అయిదేళ్ల పైచిలుకు పడుతుంది. పాతికేళ్లు మూలన పడున్నా దానికి తనేంటో గుర్తుంది, మనుషులే మరిచిపోయారు.

అదే వారం అక్క ఫోన్ చేసింది. అక్కను ఇచ్చింది వేముల మండలంలో ఒక పల్లెకు, పులివెందుల దాటాక. రాలీ రియాక్టర్ గురించి గొప్పగా చెప్తుంటే మధ్యలో ఆపింది. "అవన్నీ సరే గానీ, మా బోరు నీళ్లు తాగొచ్చా లేదా చెప్పురా. నీ ఫోన్‌లో అన్నీ దొరుకుతాయి గదా."

సముద్రం అవతల, పద్నాలుగేళ్ల కిందట ఒక తొట్టి ఎన్ని బకెట్లు కారిందో పది నిమిషాల్లో చెప్పగలిగాను. తోడబుట్టిన దాని బోరు గురించి చెప్పలేకపోయాను.

అక్క అడగడానికి కారణముంది. వాళ్ల మండలంలోనే తుమ్మలపల్లె. యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం అక్కడున్నాయి. 2007లో శంకుస్థాపన, 2012లో మొదలు. రోజుకు 3000 టన్నుల రాయిని ఆడించే సామర్థ్యం. ఆ రాయిలో యురేనియం చాలా తక్కువ, కాబట్టి లోపలికి పోయిన రాయంతా దాదాపుగా వ్యర్థంగా, బురదగా బయటికొస్తుంది. దాన్ని గొట్టాల్లో పంపి కొట్టాల దగ్గర చెరువులాంటి దాంట్లో నిలవ చేస్తారు. టెయిలింగ్ పాండ్ అంటారు.

2018 నుంచి చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు మాడిపోతున్నాయని ఫిర్యాదు చేస్తూ వచ్చారు. చెరువు అడుగున నీళ్లు ఇంకకుండా వేయాల్సిన పొర, అనుమతిలో రాసినట్టు వేయలేదన్నది ప్రధాన ఆరోపణ. రిటైర్డ్ శాస్త్రవేత్త డాక్టర్ కె. బాబూరావు దీని మీద గట్టిగా రాశారు, మాట్లాడారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది, 2019లో నిపుణుల కమిటీ వేసింది. చెరువు నిబంధనల ప్రకారమే కట్టామని, ఈ నేలలో యురేనియం సహజంగానే ఉంటుందని సంస్థ వాదన.

ఆ రెండో మాటను కొట్టిపారేయలేం. మన నేల సంగతి నిజంగానే అట్లాంటిది. 1872లో విలియం కింగ్ అనే ఆయన కడప, కర్నూలు రాళ్ల మీద పుస్తకం రాస్తూ ఒక పొరకు మా ఊరి పేరే పెట్టాడు. భూగర్భ శాస్త్రంలో ఇప్పటికీ అది 'బనగానపల్లె క్వార్ట్జైట్'. ప్రపంచానికి మా ఊరంటే మామిడి, ఆ శాస్త్రజ్ఞులకు మాత్రం రాయి. పల్నాడులో కొప్పునూరు దగ్గర ఆ పొరలోనూ, దాని కింది గ్రానైట్‌లోనూ యురేనియం దొరికింది. తుమ్మలపల్లెది వేరే పొర, వేంపల్లె సున్నపురాయి జాతి. 2024 చివర్లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి ఊళ్లు రోడ్డెక్కాయి, ప్రభుత్వం ఆపుతున్నామంది. కేంద్ర భూగర్భ జల బోర్డు 2020లో దేశమంతా లెక్క తీస్తే గనులు లేని జిల్లాల బావుల్లోనూ యురేనియం కనబడింది.

మరి అక్క బోరులో ఏదైనా ఉంటే, అది రాయిదా? చెరువుదా?

ఇక్కడికొచ్చేసరికి నాకు మళ్లీ రాలీ తొట్టే గుర్తొచ్చింది. ఆవిరా, కారుడా? ప్రశ్న అదే. జవాబు దొరికే చోటూ అదే. గని రాకముందు ఆ బోరులో ఎంతుంది, తర్వాత ప్రతి ఏడూ ఎంతుంది? ఆ రెండు గీతలూ పక్కపక్కన పెడితే తగువు సగం తీరుతుంది. లెక్కలు అసలు తీయరని కాదు. యురేనియం గనులున్న చోట బార్క్ తరఫున పర్యావరణ సర్వే ల్యాబ్ ఉంటుంది. నీళ్లు, మట్టి, గాలి కొలుస్తారు. అంకెలు పుడుతున్నాయి. అవి అక్క ఫోన్ దాకా రావాలి, తెలుగులో రావాలి.

దారి అసలు లేదనీ అనలేం. పర్యావరణ అనుమతి తీసుకున్న ఏ ప్రాజెక్టైనా, షరతులు ఎంతవరకు పాటిస్తోందో ఆరు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. ఏటా జూన్ 1కి ఒకటి, డిసెంబర్ 1కి ఒకటి. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం అవి అందరూ అడిగి తీసుకోదగ్గ పత్రాలు. గని ఒక్కటే కాదు, మీ ఊరి సిమెంటు ఫ్యాక్టరీకీ ఇదే లెక్క. నాకు ఈ సంగతి ఇన్నాళ్లూ తెలియదు. తెలిసిన మావాళ్లు ఒక్కరూ లేరు.

నీళ్ల పరీక్షకూ ఒక చిక్కుంది. మామూలు తాగునీటి ల్యాబ్‌లో ఫ్లోరైడ్, ఉప్పు, నైట్రేట్ చూసి ఇస్తారు. యురేనియం కొలవాలంటే వేరే పరికరం కావాలి, కాబట్టి ఆ పేరు చెప్పి మరీ అడగాలి. హద్దు ఎంతంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములంటుంది, మన ఏఈఆర్‌బీ 60 అంది. 45 వచ్చిందనుకోండి. ఒకరి లెక్కలో తాగకూడదు, ఇంకొకరి లెక్కలో తాగొచ్చు. అక్కకు ఇది చెప్తే, "బిందె ఒకటే గదరా, సగం తాగి సగం పారబోసేదా?" అంది.

ఇంతకీ ఈ ఏఈఆర్‌బీ బలమెంత? 1983 నవంబర్ 15న పెట్టారు. చాలా ఏళ్లు అది ఎవరి మీద కన్నేసి ఉంచాలో వాళ్ల ఇంట్లోనే కాపురం చేసింది. పైనున్న అణుశక్తి కమిషన్‌కు ఛైర్మనూ, అణుశక్తి శాఖకు కార్యదర్శీ ఒకరే. 2000లో బార్క్ రియాక్టర్లను దాని పరిధి నుంచి తీసేశారు, అప్పటినుంచి వాటిని చూసుకునేది బార్క్ సొంత కమిటీలే. పైగా 1962 నాటి అణుశక్తి చట్టంలో సమాచారం దాచిపెట్టడానికే ఒక సెక్షన్ పెట్టారు, 18వది. 2012లో కాగ్ ఈ బోర్డును కడిగేసింది. రూల్సు పెట్టే అధికారం లేదు, వేయగలిగే పెద్ద జరిమానా 500 రూపాయలు. హెల్మెట్ లేకుండా దొరికితే మనం ఇప్పుడు కట్టేది వెయ్యి! 2025 డిసెంబర్‌లో పార్లమెంట్ ఆమోదించిన శాంతి చట్టంతో బోర్డుకు చట్టబద్ధమైన హోదా వచ్చింది. మంచిదే. ప్రైవేటు కంపెనీలకు అణువిద్యుత్ తలుపులు తెరిచిందీ ఆ చట్టమే కాబట్టి, బోర్డు ఏం చూసింది, ఏం రాసింది, ఆ రాసింది మనకు కనిపిస్తుందా అన్నది ఇప్పటినుంచే అడగాల్సిన మాట.

అదే కాగ్ రిపోర్టులో ఇంకో అంకె నన్ను ఉలిక్కిపడేలా చేసింది. అప్పటికి దేశంలో 57,443 మెడికల్ ఎక్స్‌రే యూనిట్లుంటే అందులో 52,173కి రిజిస్ట్రేషన్ లేదు. ఆ తర్వాత ఆన్‌లైన్ లైసెన్సు పద్ధతి వచ్చింది. రియాక్టర్ మనకు దూరం, గని కొందరికే దగ్గర, ఎక్స్‌రే మాత్రం ప్రతి బస్టాండ్ పక్కనా ఉంటుంది. జేజి మోకాలి నొప్పికి తీసుకుపోయినప్పుడు గోడ వైపు చూశాను. దేవుడి పటం ఉంది, రేట్ల పట్టిక ఉంది, ఏఈఆర్‌బీ లైసెన్సు కనబడలేదు. ఎక్స్‌రే తీసే పిల్లాడిని అడిగితే "యాడో లోపల ఉంటాదిలే అన్నా" అన్నాడు. లోపల చూపించమన్నాను. జేజి నా చెయ్యి గిల్లింది. "తగువు పెట్టుకునేదానికి వచ్చినామా, నొప్పికి వచ్చినామా?" ఆ రోజుకు ఊరుకున్నాను. మోకాలికి ఏం కాలేదట, నాలుగు మాత్రలిచ్చారు.

మరుసటి వారం అక్క ఊరికి పోయాను. కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల, మూడు బస్సులు. బావ మోటారు వేశాడు. నీళ్లు మామూలుగానే ఉన్నాయి, యురేనియం ఉన్నా లేకున్నా కంటికి మామూలుగానే ఉంటాయి. రెండు సీసాల్లో పట్టాను. మూతకు టేపు వేసి తేదీ, టైము, బోరు లోతు రాశాను. ఒకటి ల్యాబ్‌కు, ఒకటి దాచడానికి. ఆరు నెలల రిపోర్టు కావాలని సమాచార హక్కు అర్జీ కూడా రాసి, పక్కన తెలుగులో అర్థం చెప్పి, అక్క పేరుతోనే సంతకం పెట్టించాను. అడగాల్సింది ఆమె.

బస్సుకు టైమైంది. అక్క లోపలికి పోయి గోడ క్యాలెండర్ తెచ్చింది. రాహుకాలం, పాల లెక్క ఉండే గడుల్లో ఆ రోజు గడి చూపించింది. పెన్సిల్‌తో రాసి ఉంది: "మోటారు నలభై నిమిషాలు ఆడింది. నీళ్లు రెండించుల ధార. రుచి మామూలే."

"రోజూ రాయల్లా?" అంది.

"రోజూ."

"ఏం కాకున్నా?"

"ఏం కాకున్నా రాయక్కా."